తెల్లచెవుల మేక

"పుట్టింది హమీద్ సాబ్! పుట్టింది!"

ఫోన్‌లో రేంజర్ రామచంద్రయ్య గొంతు అదిరిపోతోంది.

సబ్ ఇన్‌స్పెక్టర్ హమీద్ రిసీవర్‌ని చెవికి జానెడు దూరం జరిపాడు. గోడ గడియారం చూశాడు. ఏడూ ఇరవై.

"ముబారక్ రేంజర్ సాబ్! వదినమ్మ ఎట్లున్నది?"

"వదినమ్మ కాదు సాబ్! లేడి! గుండ్లబీడుల లేడి ఈనింది. పిల్ల అప్పుడే లేచి నిలబడ్డది కూడా!"

హమీద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్కనున్న కానిస్టేబుల్ కంగారుపడి తనూ అటెన్షన్‌లోకి వచ్చాడు.

అచ్చంపేటకు పడమటి దిక్కున గుండ్లబీడు. కనుచూపు మేర గడ్డి, మధ్య మధ్య రాతిగుండ్లు. ఒకప్పుడు అక్కడ ఇర్రులు మందలు మందలుగా తిరిగేవట. కృష్ణజింకలను ఆ పల్లెల్లో ఇర్రులనే అంటారు. తుపాకులొచ్చాయి, జీపులొచ్చాయి. ఇర్రులు పోయాయి. ముప్పై ఏళ్లుగా బీడు బోసిగా ఉంది.

ఈ ఏడాది ఎండాకాలంలో, 1988 ఏప్రిల్‌లో, అటవీశాఖ వాళ్లు పట్నం జింకల పార్కు నుంచి పదకొండింటిని తెచ్చి బీడులో వదిలారు. వదలడమంటే పూర్తిగా కాదు. చుట్టూ తీగెల కంచె. పై అధికారి డి.ఎఫ్.ఓ. ఒక్క మాట పెట్టాడు. అక్కడ ఒక్క పిల్ల పుట్టి నిలబడితే కంచె తీసేయాలి. లేకపోతే మందను మళ్లీ పార్కుకు తోలేయాలి.

ఆ ఒక్క పిల్ల ఇప్పుడు పుట్టింది.

హమీద్ స్టేషన్ వెనకాల ఉన్న క్వార్టర్స్‌కి దాదాపు పరుగెత్తాడు. తాహేరాతో చెప్పాలి. పెళ్లై నెల కూడా తిరగలేదు. ఏ చిన్న సంగతి తెలిసినా ఆమెకు చెప్పేదాకా అతనికి తోచదు.

వాకిట్లో అడుగుపెట్టి ఆగిపోయాడు.

తాహేరా మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. ఆమె కాళ్ల దగ్గర టైగర్ పడుకుని తోక ఊపుతోంది.

టైగర్ స్టేషన్ కుక్క. హమీద్ అంటే ప్రాణం. కొత్త పెళ్లికూతురు అంటే మంట. వచ్చిన రోజు నుంచీ ఆమెను చూసి గుర్రుమనని పూట లేదు.

"ఇదెట్ల సాధ్యం? మంత్రం వేసినవా?"

తాహేరా గర్వంగా చేతులు చాచింది. ఆమె ఒంటి మీద హమీద్ పాత ఖాకీ స్వెటర్. చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్ల దాకా వస్తున్నాయి.

"చలేసి ఇది తొడుక్కున్న జీ. బయటికి రాంగనే మీ టైగర్ వచ్చి ఒళ్లో తల పెట్టింది. అది నన్ను చూస్తలేదు, మీ వాసన చూస్తున్నది! నల్లగొండలో డిగ్రీ చదివినా ఈ తెలివి ఎవరూ నేర్పలేదు."

హమీద్ పడీపడీ నవ్వాడు. లేడిపిల్ల సంగతి చెప్పాడు. తాహేరా టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఈ ఆదివారం చూపిస్తరా?"

"ఆదివారం దాకా ఎందుకు? రేపే పోదాం."

ఆ మాట అన్న రెండున్నర గంటల్లో స్టేషన్‌లో ఫోన్ మళ్లీ మోగింది.

ఈసారి రామచంద్రయ్య గొంతు అదరలేదు. అసలు సరిగ్గా రాలేదు.

"పిల్ల లేదు సాబ్."

* * *

కంచె లోపల తల్లి లేడి తీగెల వెంట అటూ ఇటూ పరుగెత్తుతోంది. ఆగుతుంది. ముందు కాలితో నేలను తంతుంది. మళ్లీ పరుగు. మిగతా జింకలు దూరపు మూలన ముద్దగా నిలబడ్డాయి. నల్లటి మగది మాత్రం కొమ్ములు వెనక్కి వాల్చి మనుషుల వైపే చూస్తోంది.

"మొత్తం చెప్పండి," అన్నాడు హమీద్.

రామచంద్రయ్య నలభై ఐదేళ్ల మనిషి. ఎనిమిది నెలలుగా ఇంటికంటే ఈ చౌకీలోనే ఎక్కువ ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"పొద్దున మీకు ఫోన్ చేసిన. తర్వాత డి.ఎఫ్.ఓ. గారికి చేసిన. వాచర్ భిక్షపతిని ఊళ్లోకి పంపిన."

"ఎందుకు?"

రేంజర్ తల దించుకున్నాడు. "బెల్లం పంచి రమ్మని."

"మీరెక్కడున్నారు?"

"లోపల రిపోర్టు రాస్తున్న. ఎనిమిదిన్నరకు చూసినప్పుడు పిల్ల గడ్డిలో ఉంది. తొమ్మిదింబావుకు కుక్కల అరుపు వినిపించింది. ఊరకుక్కలనుకున్న. భిక్షపతి తిరిగొచ్చి తూర్పు మూల తీగె లేచి ఉందని చెప్పిండు."

"అప్పుడు పరుగెత్తారు."

"అప్పటికే లేదు."

హమీద్ తూర్పు మూలకు నడిచాడు. కంచె అడుగు తీగెను ఎవరో పైకెత్తారు. కింద పంగల కొయ్య పెట్టి నిలబెట్టారు. మనిషైతే పాకితే తప్ప దూరలేడు. కుక్క దూరడానికి బాగా సరిపోతుంది.

తీగె ముల్లుకు నాలుగు ఎర్రటి వెంట్రుకలు. పొట్టివి. బిరుసువి.

హమీద్ వాటిని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లోపల మెత్తటి మట్టి. కుక్కల అడుగులు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి కాదు, రెండు మూడు. అడుగులు నేరుగా లోపలికి పోయాయి, చెల్లాచెదురయ్యాయి. ఒకచోట గడ్డి గుండ్రంగా అణిగి ఉంది. పిల్ల పడుకున్న జాగా.

హమీద్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పోచలు వేళ్లతో విడదీశాడు. ఎక్కడా రక్తం లేదు.

"సార్!" కంచె అవతల నుంచి కానిస్టేబుల్ కేక. "ఇటు రండి సార్!"

తుమ్మచెట్టు కింద కాకులు లేచాయి. అక్కడ చిన్న కళేబరం ఒకటి. తల లేదు. కాళ్లు లేవు. వాటిని కుక్కలో నక్కలో లాక్కుపోయినట్టున్నాయి. మిగిలింది మొండెం. దాని మీద తోలు లేదు.

రామచంద్రయ్య చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి రాతిగుండు మీద కూలబడ్డాడు.

"తోలు ఒలిచేశారు సాబ్. పుట్టి మూడు గంటలు కాలే. దాన్ని తోలు ఒలిచేశారు."

భిక్షపతి ముఖం తుండుగుడ్డలో దాచుకున్నాడు.

"డి.ఎఫ్.ఓ. గారికి తెలుసా?" అన్నాడు హమీద్.

"చెప్పక తప్పుతదా? రేపు పొద్దటికల్లా లారీ పంపుతున్నరు. పదకొండింటినీ వెనక్కి తోలేస్తరు. కంచెలోనే కాపాడలేనోళ్లు బీడుల ఏం కాపాడుతరన్నరు."

హమీద్ కళేబరం పక్కన కూర్చున్నాడు. చీమలు బారులు కట్టాయి. మొండెం అప్పటికే చల్లబడి బిగుసుకుపోయింది. తోలు ఒలిచిన చేయి నేర్పున్న చేయి. ఎక్కడా కత్తి జారలేదు.

అతనికి ఏదో నచ్చలేదు. ఏం నచ్చలేదో తెలియలేదు.

* * *

"గొర్లు కాసే కురుమోళ్ల కుక్క పని సాబ్. రాసుకోండ్రి. అడగవలసిన పని గూడ లేదు."

ఆ మాటన్నది వెంకటనర్సు. ఎజ్డీ మోటార్‌సైకిల్ స్టాండ్ వేస్తూనే అన్నాడు. ఏటా గుండ్లబీడు గడ్డిని వేలంలో పాడుకునే మనిషి. ఇర్రులొచ్చాక వేలం ఆగిపోయింది. తెల్లచొక్కా, మెడలో రుమాలు.

"పిల్ల పుట్టిన సంగతి నీకెట్ల తెలుసు?"

"భిక్షపతి ఊరూరంత చెప్పుకుంట పోయిండు గద! నా నోట్లె గూడ బెల్లం పెట్టిండు."

"అంటే కాపలా లేదని నీకు తెలుసు."

"నాకేంది, చిన్న పోరల కాడికెంచి అందరికి తెలుసు." వెంకటనర్సు నవ్వాడు. "గా కురుమ పర్వతాలు ఊరి మీటింగుల ఏమన్నడో రేంజర్ సాబ్‌నే అడుగుండ్రి. మా గొర్లు ఏడ మేయాలె, మీ ఇర్రుల కోసం మేము మన్ను తినాల్నా అని ఒర్రలేదా?"

రామచంద్రయ్య మెల్లగా తల ఊపాడు. "అన్నడు సాబ్."

"నీకు కుక్కలున్నయా?" అన్నాడు హమీద్.

"మూడున్నయ్. కుందేళ్ల మీదికి... అంటే, కాపలాకు. నిన్న మాపటి సంది ఇంటి కాడ కట్టేసే ఉన్నయ్."

"చూద్దాం పద."

వెంకటనర్సు నవ్వు కాస్త సన్నబడింది.

అతని పొలం దగ్గర మూడు కుక్కలు గొలుసులతో ఉన్నాయి. సన్నటి నడుములు, పొడుగు కాళ్లు. రెండు తెల్లవి. ఒకటి ఎర్రది. ఎర్రదాని వీపు మీద అరచేతి మందాన పసుపు మెత్తి ఉంది. పసుపు ఇంకా తడిగా ఉంది.

"ఇదేంది?"

"గడ్డివామి కాడ కొయ్య గీసుకున్నది సాబ్. నిన్న."

హమీద్ కుక్క దగ్గర వంగాడు. పసుపును వేలితో ముట్టుకుని, వేలు చూసుకుని, జీపు ఎక్కాడు.

* * *

పర్వతాలు గుట్ట వాలులో కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు. చుట్టూ నల్లగొర్రెలు. ఎండలోనూ భుజం మీద గొంగడి ఉంది. పోలీసు జీపును చూసి కదల్లేదు.

"తాతా, నీ కుక్క ఏది?"

"అగో."

బండెడంత కుక్క ఒకటి కుంటుతున్నట్టు నడుస్తూ వచ్చింది. నిజానికి అది కుంటడం లేదు. మెడ నుంచి మూరెడు కొయ్య వేలాడుతోంది. అడుగేసినప్పుడల్లా ముందు కాళ్లకు తగిలి నేల మీద ఈడ్చుకుపోతోంది.

"గుది ఎందుకు కట్టినవు?"

"కట్టకపోతే గా కంచె కాడికి ఉరుకుతది. నాకెందుకు సాబ్ గా పంచాది? ఇర్రులొచ్చిన కాడికెంచి గుది ఇప్పలే."

"మీటింగుల ఒర్రినవట గద?"

"ఒర్రిన. మళ్ల ఒర్రుత. గడ్డి గురించి ఒర్రిన, గా మూగజీవం గురించి కాదు." ముసలాయన గొంతు పెరిగింది. "మా అవ్వ నన్ను ఈ బీడుల్నే కన్నది. చిన్నగున్నప్పుడు ఇర్రుల ఎనక ఉరికి ఉరికి పడేటోన్ని. అవి మళ్లొచ్చినయంటే నాకు సంబురం కాదా? ఎవలన్న అడిగిండ్రా నన్ను?"

హమీద్ అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల పోయిందట తాతా."

పర్వతాలు కర్రను గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు పక్కకు తిప్పాడు.

"పోతయ్ సాబ్. ఇయ్యాల మంచి రోజు కాదు. మాది గంతే. రాత్రి గా తెల్లచెవుల మేక ఈనింది. పిల్ల సచ్చే పుట్టింది."

కర్రతో దూరంగా చూపించాడు. గుట్ట కింద బండ నీడలో అతని భార్య సోమమ్మ కూర్చుని ఉంది. పక్కనే నాలుగైదు మేకలు.

హమీద్ అక్కడికి దిగాడు.

"అవ్వా, పొద్దున కంచె దిక్కు ఎవరన్న పోంగ చూసినవా?"

"లేదు బిడ్డా."

"కుక్కలు?"

"లేదు." మాట పూర్తికాకుండానే వచ్చింది.

సోమమ్మ ముందు తెల్లచెవుల మేక నెమరేస్తూ నిలబడి ఉంది. దాని కడుపు కింద నల్లటి పిల్ల తలదూర్చి పాలు గుంజుతోంది. మేక మెడ తిప్పి పిల్ల తోక దగ్గర మూచూసింది. తృప్తిగా మళ్లీ నెమరేసింది. పిల్ల కాళ్లు సన్నగా, ఎర్రగా, పొడుగ్గా ఉన్నాయి. హమీద్ అటు చూడగానే సోమమ్మ గొంగడి జరిపి పిల్ల మీద కప్పింది.

"గాలి తగులుతది," అన్నది.

హమీద్ తల ఊపాడు. వెనుదిరిగాడు.

చూశాడు. కానీ చూడలేదు.

* * *

రెండు దాటింది. ఫారెస్ట్ చౌకీ అరుగు మీద హమీద్ టిఫిన్ డబ్బా విప్పాడు. కానిస్టేబుల్‌తో తాహేరా పంపింది. రోటీలు, ఖీమా. ఖీమా మీద నిమ్మకాయ ముక్కతో నవ్వే ముఖం చేసింది. కళ్లకు రెండు లవంగాలు.

అంత చిరాకులోనూ అతని పెదవులు కదిలాయి.

డబ్బా మూతకు ఖాకీ ఊలు పోగు ఒకటి అంటుకుని ఉంది. స్వెటర్‌ది. ఇంకా విప్పలేదన్నమాట. టైగర్ ఇంకా ఆమె కాళ్ల దగ్గరే ఉండి ఉంటుంది. పాపం, ఆమెనే హమీద్ అనుకుంటోంది.

అతని చేయి రోటీ మీద ఆగింది.

తోలు.

ఎవడైనా తోలు ఒలిస్తే మాంసం కోసం ఒలుస్తాడు. ఈ మనిషి మాంసం వదిలేసి తోలు పట్టుకుపోయాడు. అప్పుడే పుట్టిన పిల్ల తోలు దేనికి పనికొస్తుంది? అమ్మితే ఎవడూ కొనడు.

తెల్లచెవుల మేక. పిల్ల చచ్చి పుట్టింది.

మరి దాని పాలు తాగుతున్నదేమిటి?

హమీద్ డబ్బా మూసేశాడు. లేచాడు.

"రేంజర్ సాబ్! లారీ పంపవద్దని ఇప్పుడే చెప్పకండి. కానీ ఏడవడం మాత్రం ఆపండి. అందరినీ తూర్పు మూలకు పిలిపించండి. వెంకటనర్సును, పర్వతాలును, సోమమ్మను. ఆ ఎర్రకుక్కను కూడా."

"కుక్కనా?"

"కుక్కనే. ఇంకా ఆ తెల్లచెవుల మేకను."

* * *

నాలుగు గంటలకు అందరూ కంచె పక్కన నిలబడ్డారు. తల్లి లేడి పరుగు ఆపింది. దూరంగా ఒగరుస్తోంది. దాని అలసట చూసి రామచంద్రయ్య చేతులు నలుపుకుంటున్నాడు.

"టైము లేదు సాబ్. ఏం చెప్పేదున్నా తొందరగా చెప్పండి."

హమీద్ పంగల కొయ్యను పైకి చూపించాడు.

"కంచె ఎత్తినవాడు కుక్కల కోసం ఎత్తాడు. ఎవరి కుక్కలు? తాతా, నీ కుక్కను ఈ మట్టిలో నాలుగడుగులు నడిపించు."

పర్వతాలు నడిపించాడు. అడుగుల మధ్య గుది గీసిన గీత పాములా పడింది.

"లోపల చూడండి. కుక్కల అడుగులు బోలెడున్నాయి. గీత ఒక్కటి లేదు. గుది కట్టిన కుక్క లోపలికి రాలేదు. వచ్చినవి విడిగా ఉన్న కుక్కలు."

"గుది ఇప్పి తోలి, మళ్ల కట్టొచ్చు గద!" అన్నాడు వెంకటనర్సు.

"కట్టొచ్చు. కానీ వెంట్రుకలు మార్చలేడు." జేబులోంచి కాగితం తీశాడు. ఎర్రకుక్క వీపు పక్కన పట్టుకున్నాడు. "ఇవి తీగె ముల్లుకు చిక్కినవి. పసుపు నిన్నటిదన్నావు. నిన్నటి పసుపు మధ్యాహ్నానికి వేలికంటుతుందా?"

అతను రుమాలు తడిపి పసుపు తుడిచాడు. కుక్క మూలిగింది. వీపు మీద రెండు సమానమైన గీతలు. తీగె ముళ్ల మధ్య ఎంత దూరముందో గీతల మధ్య అంతే.

వెంకటనర్సు ముఖంలో రక్తం లేదు.

"జర బెదిరిద్దామనుకున్న సాబ్. నాలుగు ఇర్రులు ఉరికి కంచెకు తగిలి పడితే సర్కారే తీస్కపోతదనుకున్న. పిల్లను చంపమనలే! తోలు ఒలిచింది నేను కాదు. నా తల్లి మీద ఒట్టు!"

"నువ్వు కాదు. నాకు తెలుసు," అన్నాడు హమీద్. "అసలు నీ కుక్కలకు పిల్ల దొరకనే లేదు."

అందరూ అతన్నే చూశారు.

"మా స్టేషన్‌లో టైగర్ అనే కుక్క ఉంది. మా ఆవిడంటే పడదు. ఇవాళ ఆమె నా స్వెటర్ తొడుక్కుంది. కుక్క వచ్చి ఒళ్లో పడుకుంది. దానికి కళ్లతో పని లేదు. వాసన నాదైతే మనిషి నేనే."

సోమమ్మ గొంగడిని గుండెకు అదుముకుంది.

"రాత్రి ఒక మేకకు పిల్ల చచ్చి పుట్టింది. ఆ తుమ్మచెట్టు కింద ఉన్నది ఆ పిల్ల. అందుకే లోపల రక్తం లేదు. అందుకే మొండెం అప్పటికే చల్లబడి బిగుసుకుపోయి ఉంది. దాని తోలు ఎవరికి కావాలి? తల్లి లేని ఇంకో పిల్లకు పాలు కావలసినవాళ్లకు. అవ్వా, భయపడకు. గొంగడి తియ్యి."

సోమమ్మ భర్త వైపు చూసింది. పర్వతాలు కళ్లు మూసుకుని తల ఊపాడు.

గొంగడి జారింది.

నల్లటి మేకపిల్ల తోలు. నాలుగు కాళ్లు దూర్చిన చొక్కాలా. పొట్ట కింద నూలుదారంతో కట్టి ఉంది. ఆ చొక్కాలోంచి పెద్ద పెద్ద కళ్లతో, వణికే చెవులతో బయటికి చూస్తున్నది లేడిపిల్ల.

రామచంద్రయ్య కంచె తీగెను పట్టుకున్నాడు. పిల్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

"నన్ను జైల్ల ఎయ్యకుండ్రి బిడ్డా," అన్నది సోమమ్మ. ఏడుపు ఆపుకుంటోంది. "కుక్కలు ఉరికొచ్చినయ్. తీగె కింద పాకి లోపటికి పోయి రాళ్లేసి ఎల్లగొట్టిన. గీ పిల్ల గడ్డిల సచ్చినట్టు పడున్నది. తల్లి గా కొసకు ఉరికి తిరిగి సూడలే. ఇడిసిపెట్టిందనుకున్న. చేతులకు తీసుకున్న. మన్షి చెయ్యి తగిల్నంక ఇగ ముట్టదనుకున్న. గొర్లల్ల గట్లనే చేస్తం. తల్లి లేనిదానికి సచ్చినదాని తోలు తొడిగితే ఇంకో తల్లి నాకుతది, పాలిస్తది."

"ఎందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పాలె? కుక్కలు గీ వెంకటనర్సువని చెప్తే రేపటి సంది మా మంద ఏడ ఆపాలె? రాత్రిళ్లు గీయన చెల్క పొలంలనే ఆపుతున్నం. పిల్ల నా చేతుల దొరికితే దొంగను నేనే అయిత. పొద్దంత గిదే ఫికర్."

రామచంద్రయ్య ముందుకొచ్చాడు. తిట్టబోతున్నాడని అందరూ అనుకున్నారు. అతను సోమమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇడిసిపెట్టలే అవ్వా. లేడి పిల్లను గడ్డిలోనే దాచిపెట్టి దూరంగా మేస్తది. పాలియ్యాలంటేనే వస్తది. పిల్ల కదలకుండా పడి ఉండుడే దానికి రక్ష. అందుకే కుక్కలకు దొరకలే."

సోమమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో! తల్లి ఉన్న పిల్లను తెచ్చిన్నా!"

"ఇంతసేపు ఆకలికి పోకుండా బతికించింది కూడా నువ్వే," అన్నాడు హమీద్. "ఇప్పుడొకటే ప్రశ్న. తల్లి మళ్లీ తీసుకుంటుందా?"

అందరూ కంచె లోపలి లేడి వైపు చూశారు.

* * *

దారం విప్పారు. నల్లతోలు ఊడింది. లోపలి పిల్ల మేకలా వాసన వేస్తోంది.

"నీళ్లతో కడుగుదామా?" అన్నాడు రామచంద్రయ్య.

"చలికి సస్తది," అన్నది సోమమ్మ. "అది పండుకున్న జాగల మన్ను తెండ్రి. గడ్డి గూడ."

"తల్లి కాలు పెట్టిన చోట మన్ను తేండి," అన్నాడు రేంజర్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదటిసారి.

మన్ను తెచ్చారు. నలిపిన గడ్డితో కలిపి ఒళ్లంతా రుద్దారు. హమీద్ పిల్లను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. అది రొట్టెంత తేలిక. గుండె మాత్రం జీపు ఇంజనులా కొట్టుకుంటోంది. అణిగిన గడ్డిలో, సరిగ్గా అదే గుంటలో దాన్ని పడుకోబెట్టాడు.

అది వెంటనే మెడ చాచి నేలకు అంటుకుపోయింది. రెండడుగులు వెనక్కి వేసేసరికి అతనికే కనిపించలేదు.

అందరూ చౌకీ గోడ వెనక్కి వెళ్లారు. ఎర్రకుక్క మూతిని భిక్షపతి తుండుగుడ్డతో పట్టుకున్నాడు.

ఎండ పచ్చబడింది. గాలి గడ్డిని ఒక పక్కకు దువ్వుతోంది.

తల్లి కదిలింది.

నాలుగడుగులు. ఆగింది. మళ్లీ నాలుగడుగులు. గుంట దగ్గరికి వచ్చింది. తల వంచింది.

చివాలున వెనక్కి దూకింది.

రామచంద్రయ్య హమీద్ భుజం పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

లేడి కాలితో నేలను తన్నింది. ఒకసారి. రెండుసార్లు. తిరిగి మంద వైపు నడవసాగింది.

"పాయె," అన్నాడు పర్వతాలు గొంతులోనే.

అప్పుడు గడ్డిలోంచి పిల్ల లేచింది. సన్నటి కాళ్లు నాలుగు వైపులకూ జారాయి. పడింది. మళ్లీ లేచింది. మేకపాల బలంతో లేచింది. చిన్నగా, ముక్కుతో పలికినట్టు, ఒక్క పిలుపు పిలిచింది.

తల్లి చెవులు తిరిగాయి.

వెనక్కి వచ్చింది. మూచూసింది. మెడ ముడిచింది. మళ్లీ మూచూసింది. తర్వాత నాలుక చాచి పిల్ల వీపు మీది మన్నును ఒక్కసారి నాకింది.

ఆపలేదు. నాకుతూనే ఉంది. పిల్ల దాని కడుపు కింద తలదూర్చింది.

గోడ వెనక అందరూ ముందుకు వంగి చూస్తున్నారు. సోమమ్మ మాత్రం రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఏడుస్తోంది.

కానిస్టేబుల్ వెంకటనర్సును జీపు ఎక్కించాడు. రామచంద్రయ్య ఫోన్ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు మాట్లాడాడు. ఒకసారి గట్టిగా కూడా మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని నడక మారింది.

"డి.ఎఫ్.ఓ. గారికి ఒకటే చెప్పిన సాబ్. ఈ పొద్దు కుక్కలు వస్తే తప్పించుకునే దారి లేకుండా చేసింది కంచెనే. బయట బీడుల పరుగందుకుంటే ఇర్రిని ఏ కుక్క పట్టగలదు? పిల్ల పుట్టింది, నిలబడ్డది. మాట నిలబెట్టుకొమ్మన్న."

"ఏమన్నాడు?"

"కంచె తీయమన్నరు. కానీ లారీ అప్పుడే బయలుదేరిందట. ఆపలేమన్నరు." రామచంద్రయ్య నవ్వాడు. "రానీయమన్న. రేపు ఈ పక్క తీగెలు విప్పి చుట్టలు చుట్టి ఆ లారీల ఎక్కిద్దాం. ఎప్పుడు బయటికి పోవాల్నో ఇర్రులే చూసుకుంటయ్. పర్వతాలన్నా, మీ గొర్లు ఏ దిక్కు మేయాలె, ఇర్రులకు ఏ దిక్కు వదలాలె, రేపు పొద్దున నువ్వే నడిచి చూపియ్యాలె. ఇంతకుముందే అడగాల్సింది."

పర్వతాలు కర్ర చేతులు మార్చుకున్నాడు.

"అడిగితే చెప్పనా?" అన్నాడు. "మంద ఆపనీకి జాగా గూడ మీరే చూపియ్యాలె మరి."

"చౌకీ ఎనక జాగా ఉన్నది. మందను రేపే తోలుకరా."

* * *

దీపాలు పెట్టేవేళకు హమీద్ ఇల్లు చేరాడు. గేటు తీశాడు.

టైగర్ లేచింది. తోక ఊపలేదు. మెడ మీది వెంట్రుకలు లేచాయి. పళ్లు చూపించి భయంకరంగా మొరిగింది.

"అరే టైగర్! నేనురా!"

అది ఇంకా గట్టిగా మొరిగింది. అతని యూనిఫాం నిండా మేక వాసన.

తాహేరా తలుపు తీసింది. ఒంటి మీద ఇంకా ఆ స్వెటరే. కుక్క వెళ్లి ఆమె కాళ్లకు అడ్డంగా నిలబడి సబ్ ఇన్‌స్పెక్టర్‌ను ఇంట్లోకి రానివ్వకుండా కాపలా కాసింది.

తాహేరా గడప పట్టుకుని నవ్వింది. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపింది. పిల్ల పోయిన సంగతి టిఫిన్‌కు వచ్చిన కానిస్టేబుల్ ఆమెకు చెప్పాడు.

"పిల్ల?"

"తల్లి దగ్గర పాలు తాగుతున్నది."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. టైగర్ చెవులు నిమిరింది.

"లోపలికి ఎప్పుడొస్తరు మరి?"

"నువ్వు ఆ స్వెటర్ విప్పి నాకిస్తే." గేటు దగ్గరి నుంచే అన్నాడు హమీద్. "ఇంకో సంగతి. రేపు ఆరింటికల్లా తయారుగా ఉండు. పోయేటప్పుడు దారిలో బెల్లం కొనుక్కుందాం. మొదటి తీగె సోమమ్మ విప్పుతుంది."